పిల్లలతో కలిసి చేసే ముద్దల తీపి రొట్టె: తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలోని మా ఇంట్లో దసరా సెలవుల్లోనూ, వానపడే ఆదివారాల్లోనూ పిల్లలందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని ఈ రొట్టె చేయడం కొన్నేళ్లుగా అలవాటైంది. చూసినవారు, తిన్నవారు, ఇంటికి వెళ్లి ప్రయత్నించి మధ్యలో ఫోన్ చేసినవారు అడిగిన ప్రశ్నలకు ఇక్కడ ఒకచోట సమాధానాలు రాశాను. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వరకు ఉన్న పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసిన సమాధానాలు ఇవి.

ఇది ఎలాంటి రొట్టె?

మైదాపిండిని ఈస్ట్‌తో పొంగించి, పెద్ద ఉసిరికాయంత ముద్దలుగా చేసి, ఒక్కో ముద్దను కరిగిన వెన్నలో ముంచి, బెల్లంపొడి, దాల్చినచెక్క పొడి కలిపిన పళ్లెంలో దొర్లించి, గిన్నెలో పక్కపక్కన, ఒకదానిపై ఒకటిగా పేర్చి కాల్చే తీపి రొట్టె ఇది. బేకరీలో ఒకదానికొకటి అతుక్కుని పలకలా వచ్చే పావ్ బన్నులు అందరూ చూసినవే. ఇది వాటికి దగ్గరి చుట్టం. తేడా ఏమిటంటే, ఇక్కడ ముద్దకూ ముద్దకూ మధ్య వెన్న పొర ఉంటుంది కాబట్టి పిండి పూర్తిగా కలిసిపోదు. కాలిన తరువాత వేళ్లతో లాగితే ముద్ద ముద్దగా విడివడుతుంది. కత్తి అవసరం రాదు. ఇంగ్లీషులో దీనిని మంకీ బ్రెడ్ అనీ, పుల్ అపార్ట్ బ్రెడ్ అనీ అంటారు. మా పిల్లలు మాత్రం ముద్దల రొట్టె అంటారు, నేనూ ఆ పేరే వాడుతున్నాను.

ఇది ఏ దేశపు వంటకం?

దీని మూలం హంగరీలో ఉంది. అక్కడ దీనిని అరాన్యగలుష్కా అంటారు. ఆ మాటకు బంగారు ముద్దలు అని అర్థం. అక్కడివారు వాల్‌నట్ పొడిలో ముద్దలను దొర్లించి, కాల్చిన తరువాత వెనీలా వాసన వచ్చే పాల సాస్‌తో తింటారు. హంగరీ నుంచి వలస వెళ్లిన యూదు కుటుంబాలతో ఇది అమెరికా చేరింది. 1980లలో అధ్యక్షుడి భార్య నాన్సీ రీగన్ క్రిస్మస్ సమయంలో దీనిని వైట్‌హౌస్‌లో వడ్డించడంతో మరింత పేరు వచ్చింది.

బంగారు ముద్దలు అన్న పేరు విన్నప్పుడు నాకు వెంటనే మేడారం గుర్తుకు వచ్చింది. రెండేళ్లకొకసారి మాఘమాసంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో అమ్మవార్లకు సమర్పించే బెల్లాన్ని మనం బంగారమనే పిలుస్తాం. మొక్కుకున్నవారు తమ ఎత్తు బెల్లం తూకం వేయించి నిలువెత్తు బంగారం ఇస్తారు. అందువల్ల ఈ రొట్టెకు చక్కెర బదులు బెల్లం వాడినప్పుడు పరాయి వంటకాన్ని మార్చేశానన్న భావన నాకు కలగలేదు. పేరుకు తగ్గ దినుసు దొరికిందనే అనిపించింది.

మొదటిసారి చేసేవారు కేకు కాకుండా దీనితో ఎందుకు మొదలుపెట్టాలి?

కేకు చేసేటప్పుడు పిల్లలకు నిజంగా మిగిలే పని చాలా తక్కువ. కొలవడం, గిలక్కొట్టడం, మూసలో పోయడం అన్నీ పెద్దవారి చేతుల్లోనే ఉంటాయి. పిల్లలు గిన్నె అంచు నాకడానికి ఎదురుచూస్తూ నిలబడతారు. మన పండుగ వంటల్లోనూ ఈ ఇబ్బంది ఉంది. సంక్రాంతికి సకినాలు పోసేటప్పుడు బియ్యపు పిండిని వేళ్ల మధ్య మెలితిప్పుతూ గుడ్డమీద చుట్లు చుట్టడానికి ఎన్నో ఏళ్ల చేతివాటం కావాలి, అందుకే పిల్లలను గుడ్డ అంచు తొక్కవద్దని దూరంగా కూర్చోబెడతాం. సద్దుల బతుకమ్మ నాటి మలీద మాత్రం అలా కాదు. రొట్టెలు తుంచి, బెల్లం కలిపి, పిసికి ముద్దలు కట్టే ఆ పనిలో పిల్లల చేయి పడినా ఏమీ చెడదు. ముద్దల రొట్టె మలీద జాతికి చెందినది. ఒక ముద్ద పెద్దదైనా, ఒకటి చిన్నదైనా, ఒకటి కోడిగుడ్డులా సాగినా, పొంగి కాలిన తరువాత అన్నీ సర్దుకుని పక్కపక్కన ఒదిగిపోతాయి. పిల్లవాడు చేసినదానిని వాడు చూడకుండా మనం తిరిగి సరిచేయవలసిన అవసరం రాదు. దీనిని ఎంచుకోవడానికి నాకున్న అసలు కారణం అదే.

ఏ వయసు పిల్లలకు ఏ పని ఇవ్వాలి?

రెండు మూడేళ్ల పిల్లలు మీరు కొలిచి ఇచ్చిన పిండిని, చక్కెరను గిన్నెలో పోయగలరు, పొంగిన పిండిని పిడికిలితో గుద్ది గాలి తీయగలరు. ఆ గుద్దే పని వారికి ఎంత ఇష్టమో ఒకసారి చూస్తే తెలుస్తుంది. నాలుగేళ్లు దాటినవారు అరచేతుల మధ్య ముద్దలు చేయగలరు. ఐదారేళ్లవారికి వెన్నలో ముంచి బెల్లంలో దొర్లించే పని అప్పగించవచ్చు, అయితే ఒక చేయి వెన్నకు, మరొక చేయి పొడికి అని ముందే చెప్పాలి. లేకపోతే పదో ముద్దకల్లా పొడి అంతా ఉండలు కట్టి వేళ్లకు అంటుకుంటుంది. ఏడెనిమిదేళ్లవారు త్రాసుమీద అంకెలు చదివి తూచగలరు, గడియారం చూసి సమయం రాసి పెట్టగలరు. పొయ్యి, ఓవెన్, వేడి గిన్నె దగ్గరి పని ఏ వయసు పిల్లలకూ ఇవ్వకూడదు.

ఏమేమి కావాలి, ఎంతెంత కావాలి?

ఆరుగురికి సరిపోయే రొట్టెకు 300 గ్రాముల మైదా, 180 మిల్లీలీటర్ల గోరువెచ్చని పాలు, 40 గ్రాముల చక్కెర, 30 గ్రాముల మెత్తటి వెన్న, ఒక టీస్పూను నిండుగా ఇన్‌స్టంట్ ఈస్ట్, ముప్పావు టీస్పూను ఉప్పు కావాలి. పై పూతకు 100 గ్రాముల బెల్లంపొడి, ఒకటిన్నర టీస్పూన్ల దాల్చినచెక్క పొడి, కరిగించిన వెన్న లేదా నెయ్యి 50 గ్రాములు చాలు. దాల్చినచెక్క ఘాటు పడని పిల్లలకు యాలకుల పొడి అర టీస్పూను వేయండి. వేయించిన నువ్వులు రెండు చెంచాలు కలిపితే మన నోటికి ఇంకా బాగుంటుంది. ఏడెనిమిది అంగుళాల గుండ్రటి కేకు గిన్నె సరిపోతుంది.

పిండికి మాత్రం త్రాసు వాడమని గట్టిగా చెబుతాను. గిన్నెతో కొలిస్తే పిండి వదులుగా పోసినప్పుడు ఒక బరువు, అదిమి నింపినప్పుడు మరో బరువు వస్తుంది. పిల్లలు తప్పకుండా అదిమే నింపుతారు.

చేసే పద్ధతి ఏమిటి?

వెడల్పాటి గిన్నెలో మైదా, చక్కెర పోసి, ఒక పక్క ఈస్ట్, మరో పక్క ఉప్పు వేసి కలపండి. పాలు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయండి. మొదట చేతికి బాగా అంటుకుంటుంది. అది చూసి కంగారుపడి మరింత పిండి చల్లవద్దు, రొట్టె గట్టిపడటానికి అన్నిటికంటే ఎక్కువగా కారణమయ్యేది ఆ అదనపు పిండే. ఐదు నిమిషాలు పిసికిన తరువాత వెన్న వేసి, ఇంకో ఐదు నిమిషాలు పిసకాలి. పిల్లలు వంతులవారీగా ఒక్కో నిమిషం పిసుకుతారు, మిగతాది మీరే పూర్తిచేయాలి. చిన్న ముక్క తీసి వేళ్లతో మెల్లగా సాగదీస్తే వెంటనే తెగకుండా పల్చటి పొరలా సాగితే పిండి సిద్ధమైనట్టు. దానికి నూనె చేయి రాసి, మూతపెట్టి, రెట్టింపయ్యే వరకు పక్కన ఉంచండి.

పొంగిన పిండిని గుద్ది, గాలి తీసి, నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని పొడవుగా చేసి, ఏడెనిమిది ముక్కలుగా తుంచి పిల్లల ముందు పెట్టండి. ఒక్కో ముక్క సుమారు 20 గ్రాములు ఉంటే మొత్తం ముప్పై ముద్దలకు కాస్త తక్కువగా వస్తాయి. గిన్నెకు వెన్న రాసి, మధ్యలో బయటవైపు వెన్న రాసిన చిన్న స్టీలు గ్లాసు బోర్లించి, దాని చుట్టూ ముద్దలు పేర్చండి. ఇలా చేస్తే మధ్యలోకి కూడా వేడి చేరుతుంది. నడిమి ముద్దలు పచ్చిగా మిగలవు. ముద్దలు అరగంటసేపు మళ్లీ పొంగాక, ముందే 180 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసిన ఓవెన్‌లో కింది అరకు కాస్త పైన పెట్టి 28 నుంచి 32 నిమిషాలు కాల్చండి. ఇరవై నిమిషాలకే పైభాగం ముదురు రంగుకు తిరిగితే అల్యూమినియం రేకు కప్పండి.

మొత్తం ఎంతసేపు పడుతుంది? పిల్లలు అంతసేపు ఓపిక పడతారా?

మొదలుపెట్టినప్పటి నుంచి తినేవరకు రెండున్నర గంటల నుంచి మూడు గంటలు పడుతుంది, అయితే అందులో చేతులు కదిలే సమయం ముప్పావు గంటకు మించదు. ఒక్కో దఫా పని ఇరవై నిమిషాల లోపే ముగుస్తుంది కాబట్టి చిన్నపిల్లల ఓపికకు అది సరిపోతుంది. భోజనానికి ముందు పిండి కలిపి, తిని ఒక కునుకు తీసి లేచాక ముద్దలు చేస్తే, సాయంత్రం పాలు తాగే వేళకు రొట్టె సిద్ధంగా ఉంటుంది. ఎదురుచూసే సమయంలో నేర్పవలసిన పాఠమేదీ వెతకనవసరం లేదు; వారిని ఆడుకోనివ్వండి.

ఈస్ట్ గురించి పిల్లలకు ఎలా చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పవచ్చు. ఈస్ట్ కంటికి కనిపించనంత చిన్న జీవి, పుట్టగొడుగుల జాతికి చెందినది. ప్యాకెట్లో నిద్రపోతున్నట్టు ఉంటుంది. తడి, వెచ్చదనం, తీపి దొరికితే లేచి తినడం మొదలుపెట్టి, కార్బన్ డయాక్సైడ్ వాయువును వదులుతుంది. మైదాలో ఉండే మాంసకృత్తులు నీటితో కలిసి, పిసకడం వల్ల రబ్బరులా సాగే గ్లూటెన్ వలగా ఏర్పడతాయి. వాయువు ఆ వలలో చిక్కుకుని పిండిని బెలూనులా ఉబ్బిస్తుంది. ఇడ్లీ పిండి రాత్రికి రాత్రి పొంగడం పిల్లలు చూసే ఉంటారు. అక్కడ పప్పులోంచి, బియ్యంలోంచి వచ్చిన సూక్ష్మజీవులు చేసే పనిని ఇక్కడ ప్యాకెట్లోంచి వచ్చినవి వేగంగా చేస్తాయని చెబితే సులభంగా అర్థమవుతుంది.

పిండిని గాజు సీసాలో పెట్టి, దాని ఎత్తు దగ్గర రబ్బరు బ్యాండు వేయిస్తే, అది ఎంత పైకి వచ్చిందో పిల్లలే చూసుకుంటారు. మీ వెనకే తిరుగుతూ ఇంకా పొంగలేదా అని అడగడం కూడా తగ్గుతుంది.

ఒక విషయం పెద్దవారు గమనించాలి. చక్కెర ఈస్ట్‌కు ఆహారమే అయినా, మోతాదు మించితే అది నీటిని తనవైపు లాక్కుని ఈస్ట్‌ను మందగింపజేస్తుంది. అందుకే ఈ రొట్టెలో తీపి ఎక్కువభాగం పిండి లోపల కాకుండా బయటి పూతలో ఉంటుంది. పిల్లలు తీపి తక్కువైందన్నారని పిండిలో చక్కెర పెంచితే రొట్టె సరిగ్గా పొంగదు. పూతలో ఒక చెంచా పెంచండి.

పిండి అసలు పొంగలేదు. ఏమి తప్పు జరిగి ఉంటుంది?

రెండే కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి: ఈస్ట్ పాతదైపోవడం, పాలు మరీ వేడిగా ఉండటం. దాదాపు 55 నుంచి 60 డిగ్రీల వేడికి ఈస్ట్ చనిపోతుంది. నేను మొదటిసారి చేసినప్పుడు పొయ్యిమీది నుంచి దించిన పాలను కాస్త ఆరాయనుకుని పోశాను. ఇద్దరు పిల్లలు రెండు గంటలపాటు గిన్నె చుట్టూ తిరిగినా పిండి కదలలేదు. ఆ రోజు వారి ముఖాలు చూసిన తరువాత, పసిపిల్లల పాలసీసా పరీక్షించినట్టు మణికట్టు లోపలివైపు ఒక చుక్క వేసుకుని చూడకుండా పాలు పోయడం మానేశాను. చుక్క పడినట్టు తెలియాలి కానీ చురుక్కుమనకూడదు.

ఈస్ట్‌పై అనుమానం ఉంటే, పావు గ్లాసు గోరువెచ్చని పాలలో అర చెంచా చక్కెర, ఈస్ట్ కలిపి పది నిమిషాలు ఉంచండి. పైన నురుగు కడితే అది బతికే ఉంది. నురుగు రాకపోతే పారబోసి వేరే ప్యాకెట్ తెరవండి. గింజల్లా ఉండే యాక్టివ్ డ్రై రకానికి ఈ నానబెట్టడం ప్రతిసారీ అవసరం. ఇన్‌స్టంట్ రకాన్ని నేరుగా పిండిలో కలపవచ్చు. తెరిచిన ప్యాకెట్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. బేకరీ సామాను అమ్మే దుకాణాల్లోనూ, పెద్ద కిరాణాల్లోనూ చిన్న ప్యాకెట్లు దొరుకుతాయి. నెలకొకసారి చేసేవారు పెద్ద ప్యాకెట్ కొనడం దండగ.

పొంగని పిండిని పారేయనక్కరలేదు. పల్చగా ఒత్తి పెనంమీద కాలిస్తే పిల్లలు నెయ్యి, బెల్లంతో ఇష్టంగా తింటారు.

మన ఎండలకూ చలికీ తగ్గట్టు ఏమి మార్చుకోవాలి?

వంటల పుస్తకాల్లో గంట పొంగనివ్వండి అని రాసి ఉంటుంది, అయితే ఆ గంట ఏ ఊరి గంట అన్నది చూసుకోవాలి. మే నెలలో వరంగల్‌లో పగటివేడి 42 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. అప్పుడు పిండి డబ్బాలోని మైదా కూడా వెచ్చగానే ఉంటుంది. గోరువెచ్చని పాలు పోస్తే అరగంటలోనే పొంగి, దాటిపోయి, పులిసిన వాసన వస్తుంది. ఎండాకాలంలో పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవే వాడండి, ఈస్ట్ పావువంతు తగ్గించండి, గిన్నెను ఇంట్లో అన్నిటికంటే చల్లని మూల పెట్టండి. వెన్న కూడా ముద్దలు చేసేటప్పటికే కారిపోతుంది కాబట్టి పొద్దున ఎనిమిదిలోపు పని ముగించడం మేలు.

డిసెంబరు, జనవరిలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. పిండి రెట్టింపు కావడానికి గంటన్నర నుంచి రెండు గంటలు పట్టవచ్చు. ఆపివేసి ఉన్న ఓవెన్‌లో గిన్నె పెట్టి, పక్కన ఒక గిన్నెడు వేడినీళ్లు ఉంచి తలుపు మూస్తే పిండికి కావలసిన వెచ్చదనం దొరుకుతుంది. ఏ కాలమైనా గడియారాన్ని కాదు, పిండిని చూసి నిర్ణయించండి. వేలిని పిండి అద్దుకుని మెల్లగా గుచ్చితే పడిన గుంట నెమ్మదిగా, సగం మాత్రమే పూడాలి. వెంటనే పూడిపోతే ఇంకా సమయం కావాలి. అలాగే కూలిపోతే ఆలస్యమైంది.

బెల్లం వాడాలా, చక్కెర వాడాలా?

బ్రౌన్ షుగర్‌తో చేయడం అమెరికా పద్ధతి. అందులో చెరకు మడ్డి రుచి ఉంటుంది, మన బెల్లంలో అది సహజంగానే ఉంది. కామారెడ్డి, బోధన్ వైపు చెరకు పండించే నేల మనకు దగ్గరలోనే ఉండగా బ్రౌన్ షుగర్ కోసం వెతకడం నాకు అర్థంలేని పనిగా కనిపిస్తుంది. అయితే బెల్లం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో పొడి చేసి పెట్టినది గంటలోనే మెత్తబడుతుంది. కాబట్టి ముద్దలు చేయడానికి కూర్చునే ముందే బెల్లాన్ని తురిమి, పలుకులు, చెత్త లేకుండా జల్లించి, ఒక చెంచా మైదా కలిపి పెట్టుకోండి. మరీ పసుపుగా మెరిసే బెల్లం కంటే ముదురు రంగుది ఎంచుకోండి, రుచి చిక్కగా ఉంటుంది. పాకం పట్టి పోయవద్దు. పొడే ఓవెన్ వేడికి వెన్నతో కలిసి కరిగి అడుగున పాకం అవుతుంది.

అడుగు విడిపోయే రకం కేకు గిన్నె వాడకూడదు. సందుల్లోంచి బెల్లం కారి, ఓవెన్ కడ్డీలమీద మాడి, ఇల్లంతా పొగ నిండుతుంది. ఇది నాకు జరిగాకే తెలిసింది.

మైదా బదులు గోధుమపిండి లేదా జొన్నపిండి వాడవచ్చా?

గోధుమపిండిని సగం వరకు కలపవచ్చు. అందులోని పొట్టు ఎక్కువ తడి పీల్చుకుంటుంది కాబట్టి పాలు రెండు మూడు చెంచాలు పెంచి, కలిపిన తరువాత పావుగంట నానబెట్టి పిసకండి. పూర్తిగా గోధుమపిండితో చేస్తే రొట్టె వస్తుంది, కాస్త బరువుగా ఉంటుంది.

జొన్నపిండితో ఇది కుదరదు. ఎందుకు కుదరదో పిల్లలకు చూపించడం మాత్రం చాలా బాగుంటుంది. మన ఇళ్లలో జొన్నరొట్టె చేసేటప్పుడు మరిగే నీళ్లు పోసి తడుపుతాం, కర్రతో సాగదీయకుండా చేత్తో తట్టుతాం, అయినా అంచులు పగులుతాయి. జొన్నలో గ్లూటెన్ లేదు, కాబట్టి పిండి సాగదు, వాయువును పట్టి ఉంచదు. ఒక చేతిలో జొన్నపిండి ముద్ద, మరో చేతిలో మైదా ముద్ద ఇచ్చి రెండిటినీ లాగమంటే, ఒకటి పుటుక్కున విరగడం, మరొకటి తీగలా సాగడం నాలుగేళ్ల పిల్లలకు కూడా వెంటనే తెలుస్తుంది. ఆ తేడా చూసిన మా చిన్నది, అవ్వ తట్టే జొన్నరొట్టె చిరగకుండా గుండ్రంగా రావడం ఎంత కష్టమో తనంతట తానే చెప్పింది.

గుడ్డు, పాలు లేకుండా చేయవచ్చా?

పైన ఇచ్చిన పద్ధతిలో గుడ్డు లేనే లేదు. పాలు పడని పిల్లలకు 170 మిల్లీలీటర్ల నీళ్లు, వెన్న బదులు నూనె వాడండి; రంగు కొద్దిగా తక్కువగా వస్తుంది. గోధుమ పడనివారికి మాత్రం ఈ రొట్టె తగదు.

ఇంట్లో ఓవెన్ లేదు. ఏమి చేయాలి?

మందపాటి గంజు లేదా పాత కుకర్ చాలు. కుకర్ అయితే మూతకున్న రబ్బరు గాస్కెట్‌ను, విజిల్‌ను తప్పకుండా తీసేయాలి. అడుగున అంగుళం మందాన దొడ్డు ఉప్పు పోసి, దానిపై స్టాండు పెట్టి, మూతవేసి పది నిమిషాలు మధ్యస్థ మంటపై వేడిచేయండి. తరువాత రొట్టె గిన్నె పెట్టి, మంట బాగా తగ్గించి 35 నుంచి 45 నిమిషాలు ఉంచండి. నీళ్లు లేకుండా వేడిచేయడం వల్ల కుకర్ రంగు మారుతుంది, కొత్తదానిని ఇందుకు వాడవద్దు. అడుగు త్వరగా మాడుతుంది కాబట్టి కింది వరుస ముద్దలకు బెల్లం పూత తగ్గించి, పై వరుసకు ఎక్కువ అద్దండి. పైభాగం తెల్లగానే ఉంటుంది. గిన్నెలోంచి తీసేటప్పుడు బోర్లించి వడ్డిస్తాం కాబట్టి ఎర్రగా కాలిన అడుగే పైకి వస్తుంది.

మైక్రోవేవ్‌లో కన్వెక్షన్ పద్ధతి ఉంటే ఓవెన్‌లాగే వాడవచ్చు. మామూలు మైక్రోవేవ్ పద్ధతిలో రొట్టె రబ్బరులా అవుతుంది, రంగు రాదు.

కాలుతుండగా కరెంటు పోతే?

ఓవెన్ తలుపు తెరవకండి. పావుగంటలోపు వస్తే, పోయినంతసేపు అదనంగా కాల్చితే సరిపోతుంది. అంతకంటే ఆలస్యమైతే పైన చెప్పిన గంజు పద్ధతికి మార్చండి.

రొట్టె లోపల కాలిందని ఎలా తెలుస్తుంది?

పైన బంగారు రంగు వచ్చినంత మాత్రాన నమ్మవద్దు. నడిమి ముద్దలో సన్నటి పుల్ల గుచ్చి తీస్తే తడి పిండి అంటకూడదు. బెల్లం అంటితే ఫరవాలేదు. వంట థర్మామీటర్ ఉన్నవారు లోపల 90 డిగ్రీలు దాటిందో లేదో చూడవచ్చు.

పిల్లలు పచ్చి పిండి నోట్లో పెట్టుకుంటున్నారు. ప్రమాదమా?

పెట్టుకోనివ్వకూడదు. మైదా పొడిగా, శుభ్రంగా కనిపించినా అది వేడి తగలని పచ్చి ధాన్యపు పిండి, ఈ.కొలై, సాల్మొనెల్లా వంటి క్రిములు అందులో ఉండే అవకాశం ఉంది, అవి కాల్చితేనే చస్తాయి. ఈస్ట్ పిండి కడుపులోకి వెళ్లాక కూడా పొంగుతూ నొప్పి తెస్తుంది. వద్దు వద్దని పదిసార్లు అనేకంటే, పక్కన చిన్న గిన్నెలో కాస్త బెల్లం తురుము పెట్టి ఉంచితే చేయి అటు పోతుంది. పని మొదలుకు ముందు, ముగిశాక సబ్బుతో చేతులు కడిగించండి; గోళ్లు ముందురోజే కత్తిరించండి.

కాలకుండా ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ఈ రొట్టెలో నేను నిజంగా భయపడేది కరిగిన బెల్లం విషయంలోనే. మరిగే నీళ్లు పడితే జారిపోతాయి. మరిగే బెల్లం చర్మానికి అంటుకుని, ఊడకుండా కాలుస్తూనే ఉంటుంది. ఓవెన్‌లోంచి తీసిన గిన్నెను పిల్లలకు అందని ఎత్తులో ఐదు నుంచి పది నిమిషాలు ఉంచి, పొడవాటి చేతి తొడుగులతో పెద్దవారే పళ్లెంలోకి బోర్లించాలి. ఎక్కువసేపు వదిలితే బెల్లం గట్టిపడి గిన్నెకు పట్టేస్తుంది, తక్కువసేపు ఉంచితే వేడి పాకం చేతిమీద కారుతుంది. బోర్లించాక మరో పదిహేను నిమిషాలు ఆగి, మీరు ఒక ముద్ద తుంచి చూసుకున్న తరువాతే పిల్లలను పిలవండి. ఓవెన్ ముందు నేలమీద సుద్దముక్కతో గీత గీసి, ఆ గీత దాటకూడదని ముందే చెబితే పిల్లలు ఆటలోలాగా పాటిస్తారు.

పొరపాటున కాలితే, ఇరవై నిమిషాలపాటు మామూలు చల్లటి కుళాయి నీటి ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, మంచు ముక్క పెట్టవద్దు. బొబ్బలు వస్తే డాక్టరుకు చూపించాలి.

జీడిపప్పు, పల్లీలు, తేనె కలపవచ్చా?

ఐదేళ్లలోపు పిల్లలు ఉంటే గింజలను పలుకులుగా వేయవద్దు, గొంతులో అడ్డుపడతాయి. దంచిన పల్లీల పొడి లేదా ఎండుకొబ్బరి తురుము పూతలో కలపండి. ఏడాది నిండని పసివారికి తేనె ఏ రూపంలోనూ పెట్టకూడదు, రొట్టెలో కాల్చినదైనా సరే.

ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉంటే కొట్లాడుకుంటున్నారు.

ఒకే గిన్నెలో పేర్చమంటే నీ ముద్ద నా ముద్ద అన్న తగవు రాక మానదు. పిండిని సమానంగా తూచి పంచి, ఒక్కొక్కరికి ఒక చిన్న స్టీలు గిన్నె ఇవ్వండి. ఐదారు ముద్దలు పట్టే గిన్నె 18 నుంచి 20 నిమిషాల్లో కాలుతుంది. ఎవరి గిన్నె ఏదో గుర్తుండటానికి ఒకరిది నువ్వులతో, ఒకరిది కొబ్బరితో, మరొకరిది ఏమీ లేకుండా చేయించండి. మా ఇంట్లో ఈ ఏర్పాటు వచ్చాక తగవులు తగ్గాయి, పైగా ఎవరి గిన్నెలోంచి ఎవరికి ఎన్ని ముద్దలు ఇవ్వాలన్న బేరాలు మొదలయ్యాయి. లెక్కలు చెప్పకుండానే కూడికలు, తీసివేతలు నడుస్తాయి.

ముందురోజు రాత్రి పిండి కలిపి పెట్టుకోవచ్చా?

పెట్టుకోవచ్చు, రుచి ఇంకా బాగుంటుంది. పిసికిన పిండిని మూత ఉన్న పెద్ద డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో 8 నుంచి 12 గంటలు ఉంచండి. డబ్బా సగానికి మించి నింపవద్దు. చల్లటి పిండి చేతికి అంటుకోదు కాబట్టి చిన్నపిల్లలకు ముద్దలు చేయడం తేలిక. ముద్దలు పేర్చాక రెండోసారి పొంగడానికి మాత్రం గంట వరకు పట్టవచ్చు. పొద్దున్నే పిల్లలకు పని కల్పించాలనుకునే సెలవురోజులకు నేను ఈ పద్ధతినే ఎంచుకుంటాను.

మిగిలిన రొట్టెను ఏమి చేయాలి?

పూర్తిగా చల్లారాక డబ్బాలో పెడితే రెండు రోజులు బయట నిలవ ఉంటుంది. మండుటెండల్లో ఒక్క రోజే. తినేముందు మూతపెట్టిన పెనంమీద సన్నటి సెగకు రెండు నిమిషాలు ఉంచితే మళ్లీ మెత్తబడుతుంది. ఊరికి, అమ్మమ్మ ఇంటికి పట్టుకెళ్లేటప్పుడు ముద్దలు తుంచకుండా, గిన్నెలోనే ఉంచి గుడ్డ కట్టి తీసుకెళ్లండి; తుంచిన ముద్దలు గాలికి త్వరగా ఎండిపోతాయి.

మూడోనాటికి గట్టిబడిన ముద్దలను రెండుగా చీల్చి, నెయ్యిలో ఎర్రగా వేయించి, చిక్కగా మరిగించిన పాలలో నానబెడితే డబుల్ కా మీఠా అవుతుంది. పూతలోని బెల్లమే సరిపోతుంది కాబట్టి విడిగా పాకం పట్టనక్కరలేదు. అయితే బెల్లానికి మరిగే పాలు విరుగుతాయి, అందుకని పాలను దించి, గోరువెచ్చగా అయ్యాకే ముద్దలమీద పోయండి.